ద్రవపోషణ చికిత్స: పేగువాపు జబ్బులున్న పెద్దల విషయం

ద్రవపోషణ చికిత్స అంటే కొన్ని వారాలపాటు అన్నం, కూర, పండు, పలహారం ఏదీ ముట్టకుండా రోగిని ఒక్క పోషక ద్రవం మీదే ఉంచడం. శరీరానికి కావలసిన శక్తి, మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లు, లవణాలు అన్నీ అందులో లెక్క ప్రకారం కలిపి ఉంటాయి. తాగగలిగినవారు గ్లాసులో పోసుకుని తాగుతారు, తాగలేనివారికి సన్నని ముక్కు గొట్టం ద్వారా ఎక్కిస్తారు. దీర్ఘకాలిక పేగువాపు జబ్బుల్లో, అందులోనూ క్రోన్స్ వ్యాధిలో, ఇది మందుతో సమానమైన చికిత్స. పిల్లలకు క్రోన్స్ వ్యాధి బయటపడితే చాలా దేశాల వైద్యులు స్టెరాయిడ్ కంటే ముందు దీన్నే మొదలుపెడతారు. పెద్దల దగ్గరికి వచ్చేసరికి మాత్రం దీన్ని వెనక వరసలో కూర్చోబెట్టారు. ఆ వెనక వరస స్థానం పాశ్చాత్య దేశాల ఆస్పత్రుల లెక్కల నుంచి వచ్చింది. క్షయ ఇంకా వదలని, జబ్బు తేలేసరికే మనిషి ఎండిపోయి ఉండే, ఖరీదైన సూదిమందులు అందని నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలకు అదే లెక్కను తెచ్చి అతికించడం సరికాదు. నల్లగొండ జిల్లా హాలియా నుంచి హైదరాబాద్‌కు బస్సెక్కే రోగిని దృష్టిలో పెట్టుకుని అవే ఆధారాలను మళ్లీ చదివితే తీర్పు కొంత మారుతుంది.

ముందు జబ్బు సంగతి. ఐబీడీ అని వైద్యులు పిలిచేదానిలో రెండు ప్రధాన వ్యాధులున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకు పరిమితమై నెత్తురు విరేచనాలు తెస్తుంది. జనం 'పేగుపూత' అనేది ఎక్కువగా దీన్నే. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువగా వస్తుంది, పేగు గోడను లోపలి పొర నుంచి బయటి పొర దాకా తినేస్తుంది, పేగు దారిని సన్నబరుస్తుంది, ఒక్కోసారి చిల్లులు పొడిచి పక్క అవయవాల్లోకి దారి చేస్తుంది. 1932లో న్యూయార్క్ వైద్యుడు బర్రిల్ క్రోన్, ఆయన సహచరులు దీన్ని వర్ణించారు. పేరులో ఒక్క అక్షరమే తేడా ఉన్న ఐబీఎస్‌తో దీన్ని కలపకూడదు. ఐబీఎస్‌లో కడుపు ఇబ్బంది పెడుతుందే తప్ప పేగు పుండు పడదు. ఇది తెల్లవాళ్ల జబ్బు, పట్నం జబ్బు అన్న మాట ఇంకా వినిపిస్తుంది గానీ దానికి ఆధారం ఏనాడో జారిపోయింది. ఆసియా, పసిఫిక్ ప్రాంతాల్లోని 13 దేశాల్లో కొత్త కేసులను లెక్కించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆసియా దేశాలన్నిటిలోకీ భారత్‌దే పైచేయి: ఏడాదికి లక్ష మందికి 9.31 కొత్త కేసులు. ఆ లెక్క తీసిన భారత కేంద్రం హైదరాబాదే. అక్కడి ఏఐజీ ఆస్పత్రి వైద్యులు 2023లో మరో పెద్ద అధ్యయనం ప్రచురించారు. కడుపు, విరేచనాల బాధలున్న 30,000 మందికి పైగా పల్లె, పట్నం జనానికి కొలొనోస్కోపీ చేసి చూస్తే ప్రతి 100 మందిలో సుమారు 5 మందికి ఐబీడీ తేలింది. పల్లెకూ పట్నానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే ఊళ్లు ఆ లెక్కకు బయట ఉంటాయనుకోవడానికి కారణమేమీ లేదు.

తెలంగాణ పల్లెలో క్రోన్స్ వ్యాధికి అసలు చిక్కు దాని కవలపిల్ల లాంటి పేగు క్షయ. రెండూ చిన్నపేగు చివరే కూర్చుంటాయి. రెండింటిలోనూ కడుపునొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. స్కానులోనూ ముక్క పరీక్షలోనూ చాలాసార్లు తేడా తేలదు. అందుకని మన దేశంలో అనుమానం ఉన్నచోట ముందు క్షయ మందులు మొదలుపెట్టి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో చూడటం అలవాటుగా నడుస్తోంది. ఈ రెండు మూడు నెలలు రోగికి నడిసముద్రం లాంటివి. క్షయ కాకపోతే ఆ మందులు క్రోన్స్‌ను తగ్గించవు. క్షయ అయితే స్టెరాయిడ్ ఇవ్వడం నిప్పు మీద కిరోసిన్ పోసినట్టు. పాశ్చాత్య దేశాల చికిత్సా సూత్రాలు ఈ కూడలిని దాదాపు లెక్కలోకే తీసుకోవు, వాళ్లకు అది రోజూ ఎదురయ్యే ప్రశ్న కాదు గనుక. వాపును తగ్గిస్తూనే రోగనిరోధక శక్తిని అణచని చికిత్స ఏదైనా ఉంటే దానికి ఇక్కడ ఉండే విలువ లండన్‌లో ఉండదు. పోషక ద్రవం సరిగ్గా అలాంటిది. తేలని రోజుల్లో క్షయ మందులతోపాటు నడిపించవచ్చు, జబ్బు ఏదైనా మనిషికి బలమే వస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. ద్రవం మీద ఉన్న రోగి తేరుకున్నాడు కదా అని ఆ మెరుగును క్షయ మందుల ఖాతాలో వేయకూడదు, క్రోన్స్‌కు రుజువుగానూ పట్టుకోకూడదు. తీర్పు చెప్పాల్సింది ఎండోస్కోపీయే.

ఈ చికిత్స గురించి మొదట తుడిచేయాల్సిన అపోహ మన సామెతలోనే ఉంది. లంఖణం పరమౌషధం అన్న మాట నరనరానా ఇంకిన ఇళ్లలో, ద్రవం మీద ఉండమంటే పేగుకు విశ్రాంతి ఇవ్వడమని అర్థం చేసుకుంటారు. ఒకప్పుడు వైద్యులూ అలాగే అనుకున్నారు. 1988లో కెనడా వైద్యుడు గ్రీన్‌బర్గ్ బృందం 51 మంది క్రోన్స్ రోగులను మూడు భాగాలు చేసి ఈ ఊహను పరీక్షకు పెట్టింది. ఒక భాగానికి నోటికి ఏమీ పెట్టకుండా రక్తనాళం ద్వారానే పోషణ ఎక్కించారు, రెండో భాగానికి పోషక ద్రవం ఇచ్చారు, మూడో భాగానికి మామూలు తిండితోపాటు కొంత రక్తనాళం ద్వారా ఇచ్చారు. తేరుకున్నవారు వరసగా 71, 58, 60 శాతం. అంత చిన్న సంఖ్యలో ఆ తేడా లెక్కకు నిలవదు. పేగును ఖాళీగా పడుకోబెట్టినందువల్ల ప్రత్యేక లాభం లేదని, అన్ని భాగాల్లోనూ పనిచేసింది సరిపడా అందిన పోషణేనని దాన్నుంచి తేలుతుంది. కాబట్టి ద్రవపోషణ ఉపవాసానికి పూర్తిగా వ్యతిరేక దిశలో నడిచే చికిత్స. రోగికి కావలసినంత శక్తి పూర్తిగా లోపలికి వెళ్లకపోతే అది చికిత్స కిందికే రాదు.

తిండికీ పేగు పుండుకూ ఉన్న సంబంధాన్ని వెతికిన తొలి ప్రయోగశాలల్లో ఒకదానికి హైదరాబాద్‌తో చుట్టరికం ఉంది. తార్నాక దగ్గరి జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ పెట్టిన చిన్న బెరిబెరి పరిశోధన విభాగంగా పుట్టి 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. విటమిన్లు లేని తిండి పెట్టిన కోతుల పేగుల్లో వాపు, పుండ్లు పుడుతున్నాయని మెక్‌కారిసన్ ఆ రోజుల్లోనే రాశాడు. ఆయన చూసింది క్రోన్స్ వ్యాధి కాదు, లోపపు తిండితో గోడలు పలచబడి క్రిములకు లొంగిన పేగు. అయినా తిండి పేగును పాడుచేయగలిగితే బాగుచేయనూ గలదన్న ప్రశ్నకు అక్కడ బీజం పడింది. జవాబు మాత్రం వేరే దారిన వచ్చింది. వ్యోమగాముల కోసం 1960లలో అమెరికాలో అమైనో ఆమ్లాలు, చక్కెరలు, లవణాలతో తయారైన 'రసాయన తిండి' ఆస్పత్రులకు చేరింది. శస్త్రచికిత్సకు ముందు బలం పట్టించడానికి దాన్ని ఇస్తే కొందరు క్రోన్స్ రోగుల జబ్బే అణగిపోయింది. 1984లో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆస్పత్రి నుంచి ఓమొరైన్ బృందం 21 మంది పెద్దల మీద చేసిన పోలిక పరీక్షను ప్రచురించింది. నాలుగు వారాలకు ఆ ద్రవం ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో సమానంగా పనిచేసింది. ఈ చికిత్సను నిలబెట్టిన తొలి పరీక్షలు పెద్దల మీదే జరిగాయన్నది ఇప్పుడు చాలామంది మరచిన సంగతి. ఇది పిల్లల చికిత్స అన్న ముద్ర తర్వాత పడింది.

ఆ ముద్ర వెనక ఉన్న అంకెలు బలమైనవే, దాటేయడానికి వీల్లేదు. 2018 నాటి కాక్రేన్ సమీక్ష 27 పరీక్షలను కలిపి చూసింది. పెద్దల్లో పోషక ద్రవం తీసుకున్న 194 మందిలో 87 మంది, అంటే 45 శాతం తేరుకుంటే, స్టెరాయిడ్ తీసుకున్న 158 మందిలో 116 మంది, అంటే 73 శాతం తేరుకున్నారు. పిల్లల్లో లెక్క తిరగబడింది: ద్రవంతో 83 శాతం, స్టెరాయిడ్‌తో 61 శాతం. పెద్దలకు స్టెరాయిడే మేలన్న వాదన మొత్తం ఈ 45, 73 మీద నిలబడి ఉంది. అయితే ఈ లెక్కలో ద్రవం మొదలుపెట్టి మూడో రోజునే మానేసినవారు కూడా 'ద్రవంతో తగ్గనివారి' కిందే వస్తారు. చికిత్సను చివరిదాకా కొనసాగించినవారిని మాత్రమే పోలిస్తే ఆ తేడా నిలబడలేదు. దీనికి గట్టి అభ్యంతరం ఉంది: చివరిదాకా ఉన్నవారంటే ముందే మెరుగు కనబడినవారే కదా, వాళ్లను మాత్రమే ఏరి లెక్కేస్తే ఏ మందైనా గొప్పగానే కనబడుతుంది. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అందువల్ల ద్రవం పెద్దల్లో స్టెరాయిడ్‌తో సమానమని తేలిపోయినట్టు రాయడం తప్పు. కానీ వాళ్లెందుకు మానేశారన్నదీ చూడాలి. పాత పరీక్షల్లో చాలావాటిలో వాడినది అమైనో ఆమ్లాల ద్రవం. దాని వాసన, చేదు తెలిసినవారికి మానేయడం వింతగా అనిపించదు. అదే కాక్రేన్ సమీక్ష అమైనో ఆమ్లాల ద్రవాన్నీ పాల మాంసకృత్తులతో చేసిన మామూలు ద్రవాన్నీ పక్కపక్కన పెడితే తేరుకున్నవారు 64, 62 శాతం. అంటే ఆ చేదు భరించాల్సిన అవసరమే లేదు. తాగగలిగే రుచి ఉన్న మామూలు ద్రవంతో అదే ఫలితం వస్తుంది. పెద్దల్లో ఓడినదానిలో ఎంత భాగం చికిత్సది, ఎంత భాగం నాలుకది అన్నది అడగకుండా 45 శాతాన్ని తుది తీర్పుగా తీసుకోవడం తొందరపాటు.

స్టెరాయిడ్ గెలిచిందన్న చోట కూడా ఎన్నాళ్లకు, ఏ ఖరీదుకు అని అడగాలి. స్టెరాయిడ్ లక్షణాలను వేగంగా అణచుతుంది, పుండును మాన్పడంలో వెనకబడుతుంది, ఎముకను తింటుంది. ఈ చివరి మాట నల్లగొండలో వేరే బరువుతో వినబడాలి. తాగునీటి ఫ్లోరైడ్ ఎముకలను వంచిన జిల్లా ఇది. 1970లలో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఇక్కడి ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయే జబ్బును, దానితోపాటు ఎముకలు గుల్లబారడాన్ని వర్ణించారు. ఇలాంటి నేల మీద పెరిగిన నడివయసు మనిషికి నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ రాయడం, అదీ కొన్నిసార్లు పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రల రూపంలో, ఎముక మీద రెండో దెబ్బ. పోషక ద్రవంలో కాల్షియం, విటమిన్ డి, మాంసకృత్తులు లెక్క ప్రకారం ఉంటాయి. చేసే మేలు అటుంచి, ఆ దెబ్బ మాత్రం వేయదు.

ఇక మన వంటింటి ప్రశ్న: డబ్బా పొడి ఎందుకు, గంజి, అంబలి, రాగిజావ, కొబ్బరినీళ్లు చాలవా? సగటున 50 కిలోల బరువున్న రోగికి రోజుకు కిలోకు 30 నుంచి 35 కేలరీల చొప్పున 1,500 నుంచి 1,750 కేలరీలు కావాలి. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు మాంసకృత్తులు కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 నుంచి 75 గ్రాములు. మామూలు పోషక ద్రవం మిల్లీలీటరుకు సుమారు ఒక కేలరీ ఇస్తుంది గనుక లీటరున్నర నుంచి లీటరు ముప్పావు తాగితే లెక్క సరిపోతుంది. వంద గ్రాముల జొన్నపిండిలో ఉండేది 330 కేలరీల పైచిలుకు, మాంసకృత్తులు 10 గ్రాములు. 1,750 కేలరీలకు అర కిలో పిండి అంబలి కాచాలి. పలచగా కాస్తే కడవెడు అవుతుంది, చిక్కగా కాస్తే గటక అవుతుంది, ఎలా చేసినా మాంసకృత్తులు 50 గ్రాముల దగ్గరే ఆగిపోతాయి, అందులోనూ లైసిన్ తక్కువ. బి12 అసలే ఉండదు. చిన్నపేగు చివరి భాగం దెబ్బతిన్నవారికి ముందే కరువైన విటమిన్ అది. గంజి సంగతి చెప్పనక్కర్లేదు. మందుల షాపులో దొరికే ప్రొటీన్ పొడి కూడా ఈ పని చేయదు. అది తిండికి తోడు వేసుకునేది, తిండి బదులు బతకగలిగేది కాదు. డబ్బా మీద 'సంపూర్ణ పోషణ' అని ఉండటానికీ 'బలవర్ధకం' అని ఉండటానికీ ఇక్కడ హస్తిమశకాంతరం ఉంది. అంబలిని తక్కువ చేయడం కాదు. కోలుకున్నాక మళ్లీ కంచంలోకి వచ్చేది అదే. కానీ ఎనిమిది వారాలు అదొక్కటే తాగితే ఎండిన మనిషి ఇంకా ఎండుతాడు, నింద మాత్రం ద్రవపోషణ మీద పడుతుంది.

నీళ్ల సంగతి చిన్నదే అయినా ఈ ప్రాంతానికి ముఖ్యం. పొడి కలుపుకునే రోగి కడుపులోకి రోజూ లీటరున్నర పైగా ఆ ఇంటి నీరే వెళుతుంది. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నల్లగొండ పేరుతోనే లోకానికి తెలిసిన పటిక, సున్నం శుద్ధి పద్ధతి పుట్టింది అందుకే. బోరు నీళ్లు వాడేవారు మిషన్ భగీరథ కృష్ణా నీటిని కాచి వాడుకోవడం మంచిది. కలిపిన ద్రవాన్ని ఎండాకాలం గూట్లో పెట్టి సాయంత్రం దాకా తాగకూడదు. పాల లాగే అదీ విరుగుతుంది.

ద్రవం ఎలా పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇంకా ఒక కొలిక్కి రాలేదు. పేగులోని సూక్ష్మజీవుల లోకం మారుతుందన్నది స్పష్టం. విచిత్రమేమిటంటే ఆ మార్పు 'మంచి' దిశలో ఉండదు: రకాలు పెరగాల్సింది పోయి తగ్గుతాయి, అయినా వాపు తగ్గుతుంది. మామూలు తిండిలోని ఏదో చెరుపు తొలగిపోవడమే మేలు చేస్తోందని, ప్యాకెట్ తిండిలోని ఎమల్సిఫయర్లు ఆ చెరుపుల్లో ఒకటని ఒక వాదం. దీన్ని నమ్మేవారికి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. పోషక ద్రవం కూడా కార్ఖానాలో తయారైనదే, చాలా రకాల్లో మాల్టోడెక్స్‌ట్రిన్, కొన్నిట్లో ఎమల్సిఫయర్లు ఉంటాయి. అంటే 'కల్తీలేని పాత తిండికి వెళితే చాలు' అన్న సులభ వివరణ ఇక్కడ చెల్లదు. ఏదో ఒక్క పదార్థం మీద నేరం మోపడం కంటే, తిండి మొత్తం కూర్పే తేడా తెస్తోందనడం ఆధారాలకు దగ్గరగా ఉంటుంది. ఇజ్రాయెల్‌లో రూపొందిన క్రోన్స్ వర్జిత ఆహారపద్ధతి ఆ దారినే పోయింది. ఎంచిన కొన్ని మామూలు వంటకాలతోపాటు సగం ద్రవం తీసుకున్న పెద్దల్లో ఆరో వారానికి 19 మందిలో 13 మంది, ద్రవం లేకుండా ఆ వంటకాలే తిన్న 21 మందిలో 12 మంది తేరుకున్నారని 2022లో వచ్చిన పరీక్ష చెప్పింది. చిన్న పరీక్షే, కానీ పూర్తిగా నోరు కట్టుకోలేని మనిషికి ఒక తలుపు తెరిచింది. జపాన్ వైద్యులు ఈ సగం పద్ధతిని జబ్బు అణగాక తిరగబెట్టకుండా ఆపడానికి చాలాకాలంగా వాడుతున్నారు. 2006లో 51 మంది మీద జరిగిన పరీక్షలో సగం శక్తిని ద్రవం నుంచి తీసుకున్నవారిలో 34.6 శాతానికి జబ్బు తిరగబెడితే, ఇష్టమైనది తిన్నవారిలో 64 శాతానికి తిరగబెట్టింది.

ఈ చికిత్స ఎక్కడ పనిచేయదో చెప్పకపోతే వ్యాసం ఏకపక్షం అవుతుంది. అల్సరేటివ్ కొలైటిస్‌ను ద్రవం ఒక్కటే అణచలేదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు తీవ్రంగా ముదిరి ఆస్పత్రిలో చేరిన 62 మంది కొలైటిస్ రోగులలో కొందరికి స్టెరాయిడ్‌తోపాటు ఏడు రోజులు ద్రవం మాత్రమే ఇచ్చి చూశారు. స్టెరాయిడ్ విఫలమైనవారు ఆ భాగంలో 25 శాతం, మామూలు తిండి తిన్న భాగంలో 43 శాతం. గణాంకపు గీతకు అవతల పడలేదు గానీ దాని అంచుదాకా వచ్చిన తేడా. 2021లో వచ్చిన ఈ ఫలితం ద్రవాన్ని మందుకు తోడుగా నిలబెడుతుంది, బదులుగా కాదు. క్రోన్స్‌లో కూడా పేగు పూర్తిగా మూసుకుపోయినవారికి, మలద్వారం చుట్టూ చీము దారులు పడినవారికి దీని మీదే ఆధారపడటం ప్రమాదం. శస్త్రచికిత్స తప్పదన్నవారికి ముందు కొన్ని వారాలు ఇవ్వడం మాత్రం పెద్దల్లో దీనికున్న తిరుగులేని ఉపయోగాల్లో ఒకటి. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ వైద్యులు 2017లో ప్రచురించిన లెక్కలో అలా సిద్ధపరిచిన 51 మందిలో 13 మందికి ఆపరేషన్ అవసరమే రాలేదు.

డబ్బు అభ్యంతరం అన్నిటికంటే నిజమైనది. రోజుకు లీటరున్నర ద్రవానికి సరిపడే పొడి ఆరు నుంచి ఎనిమిది వారాలు కొనడం కూలి మీద బతికే ఇంటికి మోయలేని భారం. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు అల్లిన పథకం. ఇంట్లో కూర్చుని తాగే డబ్బా పాలకు అందులో సహజంగా చోటు దొరకదు. కానీ పోషణ కూడా చికిత్సలో భాగమేనన్న సూత్రాన్ని ప్రభుత్వం ఇప్పటికే ఒప్పుకుంది: క్షయ రోగికి నిక్షయ్ పోషణ్ కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు ఖాతాలో పడుతున్నాయి. అదే వార్డులో, అంతే ఎండిపోయి, ముక్క పరీక్షలో 'క్షయ కాదు, క్రోన్స్' అని తేలిన రోజునే ఆ సాయం ఆగిపోతుంది. ఖర్చును పోల్చాల్సింది అన్నంతో కాదు, దీని స్థానంలో వాడే జీవసంబంధ సూదిమందులతో, ఆపరేషన్‌తో, పోయిన కూలి దినాలతో. అలా పోలిస్తే ఎనిమిది వారాల పొడి చవకదే.

మొదలుపెట్టడంలోనూ ముగించడంలోనూ నేర్పు కావాలి. వారాల తరబడి సరిగా తినక చిక్కిపోయిన మనిషికి మొదటి రోజే పూర్తి మోతాదు పోస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం ఒక్కసారిగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందుకే థయామిన్ ఇచ్చి, రక్తపరీక్షలు చూసుకుంటూ, నాలుగైదు రోజుల్లో మోతాదు పెంచుతారు. రోగి ఒంటరిగా ఇంట్లో మొదలుపెట్టకూడదనడానికి కారణం ఇదే. రెండో వారం దాటేసరికి ఆకలి సమస్య కాదు, నమలాలన్న కోరికే సమస్య. ఇంట్లో పోపు వాసన, దావత్‌ల పిలుపులు, 'ఒక్క ముద్ద తింటే ఏమవుతుంది' అనే చుట్టాలు ఈ చికిత్సను చెడగొట్టినంతగా పేగు కూడా చెడగొట్టదు. పిల్లలకు తల్లి కాపలా ఉంటుంది, పెద్దలకు ఉండదు. పెద్దలకూ పిల్లలకూ మధ్య ఫలితాల్లో కనబడిన తేడాలో కొంత భాగానికైనా కారణం ఇంత మామూలుదే అయి ఉండవచ్చు. ముగింపులో ఒక్క రోజులో అన్నానికి రారు. రెండు మూడు వారాలపాటు ఒక్కో పూట ద్రవం తగ్గించి మెత్తని అన్నం, పెసరకట్టు, ఉడికిన గుడ్డు, తొక్క తీసిన కూరగాయ వరసగా చేరుస్తారు. పేగు సన్నబడినవారు పీచు ఎక్కువున్న జొన్నరొట్టెను చివరికి ఉంచుకుంటారు. వాపును తెలిపే మలపరీక్ష కాల్‌ప్రొటెక్టిన్ ద్రవం మీద ఉన్నన్నాళ్లూ తగ్గుతూ వచ్చి, మామూలు తిండికి రాగానే కొందరిలో వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. కాబట్టి ఆ పరీక్ష తిండి మొదలుపెట్టిన మూడు నాలుగు వారాలకు ఒకసారి చేయించాలి, జబ్బును అణచి ఉంచే మందును అప్పటికే మొదలుపెట్టి ఉండాలి.